గ్రీన్‌రూమ్‌లో ఇయర్‌ఫోన్ల మహిమ

నాటకానికి ముందు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునే నటుణ్ణి చూసి నవ్వేవాళ్లకు కళ అంటే ఏమిటో తెలియదు. ఆ రెండు బుడిపెలే లేకపోతే మన నాటకరంగం ఈపాటికి ఏమైపోయేదో!

నమ్మకం కుదరకపోతే సికింద్రాబాద్ రండి. లష్కర్ కళామిత్ర బృందంలో ప్రధాన నటుడు ఓంప్రకాశ్‌ను చూడండి. పగలు రైల్వే ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం కళాసేవ. ఇల్లు మౌలాలిలో, మనసు మాత్రం ఎప్పుడూ స్టేజీ మీదే.

ఒకప్పుడు ఆ బృందం గ్రీన్‌రూమ్ ఎలా ఉండేదో తెలుసా? సంతలా ఉండేది! ఒక మూల హార్మోనియం మోగుతుంటే అందరూ నిలబడి ప్రార్థన పాడాలి. శ్రుతి తప్పినవాడి వంక మిగతావాళ్లు గుర్రుగా చూడాలి. ఆపైన ఒకరి డైలాగులు ఒకరు వినాలి, ఒకరి భయం ఒకరు పోగొట్టాలి, పక్కవాడి మీసం ఊడుతుంటే చెప్పాలి. నటించడానికి వచ్చిన మనిషికి ఇన్ని చాకిరీలా?

ఇప్పుడు ఎవరి చెవులు వారివి, ఎవరి పాట వారిది! దీన్ని ‘మూడ్‌లోకి వెళ్లడం’ అంటారు. హార్మోనియం బీరువా మీదికి ఎక్కింది. ప్రార్థన కూడా ఎవరి ఫోన్లో వారిదే. ఒకరు సగంలో ఉండగానే ఇంకొకరు కళ్లకద్దుకుంటారు, మరొకరు ఆమెన్ అంటారు. మొన్న రెజిమెంటల్ బజార్ హాల్లో నాటక పోటీలు జరిగినప్పుడు దర్శకుడు సదాశివ కొబ్బరికాయ కొట్టాడు. ఆ చప్పుడు ఆయనకూ కొబ్బరికాయకూ తప్ప ఎవరికీ వినబడలేదు.

ఇక ఫలితాలు చూడండి! అబ్రహాంది రౌడీ వేషం. కార్ఖానా ఏరియా చర్చిలో క్వాయర్ బృందంతో పాడే మనిషి, కీర్తనలు వింటే తప్ప మూడ్ రాదు. ఆ మూడ్‌తోనే స్టేజీ ఎక్కి, "నీ అంతు చూస్తా" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే ముందు వరసలో ఒక పెద్దావిడ చేతులు జోడించింది.

హరికిషన్‌ది డాక్టరు వేషం. తీన్మార్ దరువు విననిదే ఆయనకు ఒంట్లో నరం కదలదు. "మా ప్రయత్నం మేం చేశాం" అనే కబురు మోసుకుని, ఆపరేషన్ గది తలుపు తోసుకుని, భుజాలెగరేస్తూ వచ్చాడు. చావు కబురులో ఇంతటి హుషారు మీరెప్పుడైనా చూశారా?

సదాశివకు కూడా లాభమే. గంట కొడితే వినేవాళ్లు లేరు కనక, ఒక్కొక్కరి భుజం తట్టి స్టేజీ మీదికి తోలుతున్నాడు. షుగరు తగ్గాలంటే నడవమన్నారట. ఆ నడకంతా గ్రీన్‌రూమ్‌లోనే అయిపోతోంది.

అయితే వీళ్లందరినీ మించిన సాధకుడు ఓంప్రకాశే. ఆయనది తండ్రి వేషం. కూతురు చెప్పేదంతా మధ్యలో అడ్డు రాకుండా విని, కళ్లలో నీళ్లు నింపుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టి, మెల్లగా తలూపే తండ్రి. ఆ ఒక్క సీన్ మీదే నాటకమంతా నిలబడింది. కూతురి వేషం బ్యూలా అనే టీచరమ్మది. ముందుగా ఏడుపు వయొలిన్ వింటే గానీ ఓంప్రకాశ్‌కు కన్నీరు రాదు. ఆ వయొలిన్లన్నీ ఏరి, వరసగా కూర్చి ఫోన్లో పెట్టింది ఆయన అసలు కూతురు సృజన.

ఈ సృజనతోనే ఇంట్లో ఆయనకు పరేషాన్. గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పిస్తే పుస్తకం తెరవదు. మైకులూ స్పీకర్లూ ఎక్కడుంటే అక్కడ తేలుతుంది. సౌండ్ పని నేర్చుకుంది కూడా. ఒక ఈవెంట్ల కంపెనీ వాళ్లు రమ్మంటున్నారు. ఆ సంగతి తండ్రికి చెప్పాలని ఆ పిల్ల ఉగాది నుంచి ప్రయత్నిస్తోంది.

"డాడీ, నేను..." అనగానే ఓంప్రకాశ్ అందుకుంటాడు. "నాకు తెల్వదా నువ్వేం చెప్తవో!"

తండ్రికి తెలియనిది ఏముంటుంది చెప్పండి? ఆ మాట వెనకే పరీక్ష పాసై ఆఫీసరైన పక్కింటి దేవిశ్రీ కథ వస్తుంది. దాని వెనక, చిన్నప్పుడు ఓంప్రకాశ్ చదువుకున్న వీధి దీపం వస్తుంది. సృజన మొదలుపెట్టిన వాక్యం మాత్రం ఇంతవరకూ క్రియాపదం మొహం చూడలేదు.

పోటీల సాయంత్రం ఓంప్రకాశ్ మేకప్ వేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఫోను బల్ల మీద ఉంది. సృజన వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పక్కనే బ్యూలా ఇయర్‌ఫోన్లు తీసేసి జడ వేసుకుంటోంది.

"డాడీ, నేను కోచింగ్ బంద్ చేస్తున్న. సౌండ్ పనికి పోతా. సోమవారం నుంచే షురూ. ఆ పరీక్షంటే నాకు భయం గాదు డాడీ, ఇష్టం లేదు. మైకులు సెట్ చేస్తుంటే నాకు మంచిగ అనిపిస్తది. నీకు కోపమొస్తదని రోజూ పరేషాన్ అయితున్న. జెర సరే అను."

ఓంప్రకాశ్ కళ్లు తెరిచాడు. లోపల వయొలిన్ గుండెలు పిండుతోంది. ఎదురుగా ఒక కూతురు, పెదాలు కదులుతున్నాయి. రిహార్సల్‌కు ఇంతకన్నా ఏం కావాలి? కళ్లనిండా నీళ్లు తెచ్చుకున్నాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. మెల్లగా తలూపాడు. అది చూసి బ్యూలా ఏడ్చేసింది, వేసిన కాటుకంతా పాడైంది.

చూశారా? ఉగాది నుంచి తెగని ఇంటి గొడవ ఒక్క పాటలో తెగిపోయింది! ఏ పెద్దమనుషుల పంచాయితీ ఇంత శుభ్రంగా తేల్చగలదు?

నాటకం అయింది. తండ్రీకూతుళ్ల సీన్‌కు హాలంతా ముక్కులు చీదింది. న్యాయనిర్ణేత ఉత్తమ నటుడి షీల్డు ఇస్తూ, "పిల్లల మాట ఎలా వినాలో ఓంప్రకాశ్ గారిని చూసి ప్రతి తండ్రీ నేర్చుకోవాలి" అన్నాడు. చెవులు ఖాళీగా ఉన్నాయి కనక ఆ పొగడ్త ఆయనకు పూర్తిగా వినబడింది.

షీల్డు చంకలో పెట్టుకుని గ్రీన్‌రూమ్‌లోకి వస్తుంటే బ్యూలా ఎదురైంది.

"అంకుల్, మీరు గ్రేట్! సృజన కోచింగ్ మానేసి సౌండ్ పనికి పోతానంటే ఒక్క మాటకే ఒప్పుకున్నరు. మా డాడీ అయితే అస్సలు ఒప్పుకోకపోతుండె."

మేకప్ మాటున కూడా ఓంప్రకాశ్ మొహం రంగు మారింది. "ఏందీ? ఎవరు ఒప్పుకున్నరు?"

"మీరే. తల మీద చెయ్యి పెట్టి తలూపిన్రు, నేను చూసిన."

సృజన మైకు వైర్లు చుట్టుకుంటూ అటే వచ్చింది. ఓంప్రకాశ్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నేనేం వినలే! చెవుల్ల పాట మోగుతుండె! గిట్ల మోసం చేస్తవా?"

"మోగుతున్నదని నాకు ఎర్కనే డాడీ. వాల్యూమ్ పెంచింది సుత నేనే."

ఓంప్రకాశ్ ఇంకా గట్టిగా అరవడానికి ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన మాటల మధ్య అంత సందు దొరకడం అరుదు. సృజన ఆ సందు చూసుకుంది.

"చెవులు ఖాళీగున్నప్పుడు చెప్తే విన్నవా? ఒక్కసారన్న నా మాట ఆఖరు దాంక పోనిచ్చినవా? ఇయాల్నే పోయింది. నువ్వు వినకున్నా సరే, జెరసేపు ఊకున్నవ్ గద. నాకు గదే మస్తు అనిపించింది." అంటూనే ఆ పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపుకు వయొలిన్ ఏదీ అవసరం రాలేదు.

అందుచేత పాఠకులకు మనవి. ఈ ఇయర్‌ఫోన్లు వచ్చాక మనుషులు ఒకరి మాట ఒకరు వినడం మానేశారని ఎవరైనా అంటే నమ్మకండి. మానేయాలంటే ముందు విని ఉండాలి కదా!

ఓంప్రకాశ్ మాత్రం కరిగాడు. షీల్డు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"సరే బిడ్డా, ఏడ్వకు. ఇప్పుడు చెప్పు, మొత్తం వింట" అన్నాడు.

సృజన కళ్లు తుడుచుకుని నోరు తెరిచింది.

"ఆగు, ముందు నేను చెప్పేది విను" అన్నాడు ఓంప్రకాశ్.