టీ కొట్టులో పండిన మిరప

ఫోను మ్యాపులోని నీలిచుక్క మనిషిని తప్పు చోట నిలబెట్టడం శాపం కాదు, వరం! ముప్పయ్యేళ్లు భౌతికశాస్త్రం బోధించిన అనుభవంతో, పూర్తి స్పృహలో ఉండి ఈ మాట మనవి చేస్తున్నాను.

నిందించేవారు కాస్త నిదానించాలి. మా బంధువొకరు తాడేపల్లిలో గృహప్రవేశానికి వెళుతుంటే, చుక్క ఆయన్ను కృష్ణానది నడిమధ్యన చూపించింది. తక్కినవారు పుష్కరాలకు పన్నెండేళ్లు ఆగవలసి ఉండగా, ఆయనకు కారు దిగకుండానే నదీమధ్యం ప్రాప్తించింది! దాచేపల్లిలో పెళ్లికని బయలుదేరిన ఒక కుటుంబం సిమెంటు ఫ్యాక్టరీ ముందు లారీల వరుసలో చేరింది. పెళ్లికి ఎటూ పౌడరు పూసుకోవాలి కదా? అక్కడ ఉచితంగా పూశారు!

అయితే చుక్కకు పొగరు ఎక్కువని ఒప్పుకుంటాను. ఆ పొగరు శాస్త్రీయమైనది.

మన నెత్తిమీద ఎప్పుడు చూసినా దేశదేశాల ఉపగ్రహాలు డజన్లకొద్దీ తిరుగుతుంటాయి. ‘నేనిక్కడ ఉన్నాను, ఇప్పుడు సమయమింత’ అని ప్రతిదీ చెబుతూనే ఉంటుంది. అన్నిటి మాటా వింటూ కూర్చుంటే ఫోను బ్యాటరీ ఏం కావాలి? అందుకని అది కనీసం నాలుగింటిని, ఆపైన అవసరమైన కొన్నింటిని ఎంచుకుంటుంది. గొంతు పెద్దదైనంత మాత్రాన పిలవదు. ఒకటి నడినెత్తిన, తక్కినవి తలో దిక్కున ఉండాలంటుంది. నాలుగూ ఒకే మూల గుంపుకట్టి ఒకే మాట చెబితే, ఒకటి చెప్పినదానికంటే పెద్దగా విలువ ఇవ్వదు. ఆకాశం అంచున నక్కి గొణిగేదాన్ని పక్కన పెడుతుంది. గోడకు కొట్టుకుని వచ్చిన ప్రతిధ్వనిని అనుమానిస్తుంది.

నలుగురితో నారాయణ అనుకునే జాతికి ఇంతకంటే అవమానం ఉందా?

మొన్నటి వానలకు మా ఊరి పల్లపు చేలు మునిగాయి. అందులో కోటేశ్వరి కౌలుకు తీసుకుని వేసిన మిరప ఒకటి. మొక్కలు నిలబడే కుళ్లాయి. నష్టం నమోదయ్యేదాకా గట్టు కొట్టి నీళ్లు వదలటానికి లేదు; నీళ్లు పోతేగాని శనగ విత్తటానికి లేదు. విత్తే అదను ఎవరికోసం ఆగుతుంది?

నమోదు చేయటానికి వ్యవసాయశాఖ నుంచి ప్రసన్నకుమార్ అనే యువకుడు వచ్చాడు. మంచివాడే. బూట్లు కొత్తవి. తడిసిన నల్లరేగడి ఒక బూటును పట్టుకుందంటే రెండోదాన్నీ అడుగుతుందని ఈ ప్రాంతంలో పుట్టినవారందరికీ తెలుసు. అందుచేత ఆయన రోడ్డు పక్కన, పత్తి గోడౌను గోడకు ఆనుకుని ఉన్న రహమాన్ టీ కొట్టు రేకుల కింద, నా పక్కనే నిలబడి ఫోను తీశాడు. ఊరందరి చేలనూ అక్కడినుంచే ఫొటో తీసి నమోదు చేద్దామని ఆయన ఆలోచన. అదే జరిగి ఉంటే, ఒక్క టీ కొట్టులో రెండువందల ఎకరాల మిరప పండించిన ఘనత మా ఊరికి దక్కేది!

ఫోను ఫొటో పడనివ్వలేదు. రేకులు నడినెత్తిని కప్పాయి. గోడ సగం ఆకాశాన్ని మింగింది. ఒక్క వైపునుంచే అందిన సంకేతాలను అది సాక్ష్యంగా ఒప్పుకోలేదు. ‘ఆరుబయటికి వెళ్లండి’ అని మొరాయించింది.

విసిగిన ప్రసన్నకుమార్ కొట్టు ముందరి బల్లవైపు తిరిగాడు. దానిమీద యలమందయ్య, ఆయన స్నేహితులు ముగ్గురు. నలుగురి చేలూ మెరక మీదివే.

“ఏం పెద్దాయనా, వానకు చేలు మునిగాయా?”

“ఎక్కడండీ! చుక్క నీళ్లు నిలవలా,” అన్నాడు యలమందయ్య.

“నిలవలా,” అన్నాడు పక్కనున్నాయన. “నిలవలా,” అన్నారు తక్కిన ఇద్దరూ.

“ఏం బాబాయ్, నువ్వు ఈ బల్ల దిగి పల్లానికి ఎప్పుడొచ్చావ్? నా చేను నీ టీ గ్లాసులో కనపడిందా?” అంది పొద్దుటినుంచీ అక్కడే కాచుకుని ఉన్న కోటేశ్వరి. “మీరు రండి సార్. ఆ మెరిసేది చెరువు కాదు, నా చేను.”

ప్రసన్నకుమార్‌కు వెళ్లాలని లేదు. కానీ ఫోను వదలదే! రేకుల అంచుకు వచ్చాడు. చుక్క గోడౌనులో పడింది. రోడ్డెక్కాడు, చుక్క కాలవలో పడింది. “ఇంకాస్త సార్, ఇంకాస్త,” అంటూ కోటేశ్వరి ఆయన్ను కొత్తల్లుడిని విడిదికి నడిపించినట్టు నడిపించింది. చేను నడుమకు చేరేసరికి నలుదిక్కులా ఆకాశం తెరుచుకుంది. చుక్క కుదురుకుంది. ఫొటో పడింది. కుడి బూటు మాత్రం పైకి రాలేదు.

చూశారా చుక్క మహిమ! నా వ్యాసం ఇక్కడ ముగిసి ఉంటే ఎంత బాగుండేది!

ఫొటో కింద మరో గడి ఉంది: గ్రామ పెద్దల అభిప్రాయం. ప్రసన్నకుమార్ నీళ్లలో నిలబడే అందులో నింపాడు: ‘నలుగురిని విచారించాను. మునగలేదన్నారు.’

నా అసలు ఫిర్యాదు ఇదీ. ఒకే మూల చేరిన నలుగురి మాటను అరచేతిలోని యంత్రం నమ్మదు. దాన్ని అరచేతిలో పట్టుకున్న మనిషి నమ్ముతాడు! ఉపగ్రహాలను ఎంచటానికి అంత శాస్త్రం నేర్చినవాళ్లం, సాక్షులను ఎంచే పని టీ కొట్టు బల్లకు వదిలేశాం.

 కోటేశ్వరి గబగబా ఒడ్డెక్కి కొట్టు దగ్గరికి వచ్చి, “లేవండి, లేవండి,” అని నలుగురినీ లేపి, బల్లకు ఒక కొస పట్టుకుంది.

“ఏందమ్మాయ్ ఇది?” అన్నాడు యలమందయ్య.

“తీసుకెళ్లు తల్లీ,” అన్నాడు రహమాన్, రెండో కొస తానే ఎత్తుతూ. “పొద్దుటినుంచీ ఒక్క టీ మీద కూర్చున్నారు.”

బల్ల చేను నడుమ నీళ్లలో దిగింది. నిలబడే అలవాటు తప్పిన నలుగురూ పంచెలు ఎగగట్టి, దాని వెనకే వెళ్లి కూర్చున్నారు. ప్రసన్నకుమార్ ఒంటిబూటుతో మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

“మునిగిందయ్యా, నిలువునా మునిగింది!” అన్నాడు యలమందయ్య.

“మునిగింది.” “మునిగింది.” “మునిగింది.”

నలుగురూ మళ్లీ ఒకే మూల ఉన్నారన్న శాస్త్రీయ అభ్యంతరం నాకు ఉండనే ఉంది. ఒడ్డున నిలబడి నోరు మూసుకున్నాను.

గడిలోని మాట మారింది. “రాసుకున్నాడుగా, ఇక బల్ల ఒడ్డుకు పట్టించమ్మాయ్,” అన్నాడు యలమందయ్య, పాదాలు పైకెత్తుకుని.

“కూర్చో బాబాయ్,” అంది కోటేశ్వరి, పార అందుకుని గట్టు కొట్టటానికి నడుస్తూ. “నీళ్లే పోతాయి.”