హారన్ ముందు, పెళ్లి తర్వాత

శనివారం ఉదయానికి గెర్నోట్ వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. పదిన్నరకు పెళ్లికూతురైన తన కూతురు ఇమ్కెను కారెక్కించుకోవాలి, పదకొండింటికి పెళ్లి జరిగే టౌన్ హాల్ మెట్ల దగ్గర దించాలి. ఆ పెళ్లిలో తండ్రికి మిగిల్చిన పని అదొక్కటే. కుర్చీల పట్టిక రాసింది మాజీ భార్య ఉల్రీకె. అందులో అతనిది మూడో వరుస. మొదటి వరుస ఆమెకూ, ఆమె రెండో భర్త హోల్గర్‌కూ. హోల్గర్‌కు కొత్త కరెంటు కారుంది. "నీ బండి మొరాయిస్తే ఒక్క ఫోన్ కొట్టు గెర్నోట్, పిల్లని నేను తీసుకొస్తా" అని వారంలో మూడుసార్లు అభయమిచ్చాడు.

అందుకే గెర్నోట్ తన బండికి జబ్బుందని ఒప్పుకోలేదు. ఇంజను ఆపి తాళం తీశాక కూడా రేడియేటర్ ఫ్యాను అరగంట తిరిగేది. శ్రద్ధగా చల్లబడే బండి అనుకున్నాడు. ఒకనాడు సిగ్నల్ దగ్గర అది అసలు తిరగలేదు, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పాకింది. ఎండ ఎక్కువైందనుకున్నాడు. గురు, శుక్రవారాలు తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంది. అది మాత్రం హోల్గర్ పనే అనుకున్నాడు.

పక్కింటి శ్రీమతి లూడర్స్ కారు అద్దానికి చీటీలు తగిలించేది. "మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా నిశ్శబ్ద వేళ. మీ కారు 1:05 నుంచి 1:40 వరకు శబ్దం చేసింది." శుక్రవారం సాయంత్రం చీటీతో పాటు తనే వచ్చింది.

"ఫ్యానుకి కరెంటు కలిపే రిలే పోయిందయ్యా. లోపల అంటుకుపోతోంది. ఓసారి పట్టదు, ఓసారి పడితే వదలదు. మా ఆయన ఇలాంటివి వంద మార్చుంటాడు."

"నా కారు మీద మీ కళ్లెందుకండీ?"

"కళ్లు కాదు, చెవులు. అవేమో మూసుకోవు కదా!"

దుకాణాలు మూసేశారు. ఫ్యూజుల పెట్టెలో హారన్ రిలే కూడా అచ్చం అలాంటి బొటనవేలంత డబ్బాయే. గెర్నోట్ రెంటినీ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాడు. ఫ్యాను బుద్ధిగా తిరిగి బుద్ధిగా ఆగింది. హారన్ నొక్కి చూశాడు. అదీ మోగి ఆగింది.

మర్నాడు తెల్ల రిబ్బన్ల కారులో ఇమ్కె పక్కన కూర్చుంది. రెండో మలుపులో సైకిల్ అడ్డొస్తే గెర్నోట్ హారన్ నొక్కాడు. చెయ్యి తీశాడు. మోత ఆగలేదు.

"చాలు నాన్నా!"

"నేను నొక్కట్లేదమ్మా!"

"మరెవరు నొక్కుతున్నారు, హోల్గరా?"

ఆ ఊళ్లో రిబ్బన్ల కారు మోత మోగించుకుంటూ పోతోందంటే పెళ్లయిపోయిందనీ, విందుకు బయల్దేరారనీ లెక్క. ఈ మోతతో టౌన్ హాల్ ముందు ఆగడానికి మొహం చెల్లక గెర్నోట్ నేరుగా వెనక వీధిలోకి పోనిచ్చాడు. మెట్ల మీద ఎదురుచూస్తున్న పెళ్లివారు ముప్పై మందీ చూస్తుండగానే పోనిచ్చాడు.

"చూశావా? మనకి తప్పు టైము చెప్పి ముందే కానిచ్చేశాడు!" అన్నాడు హోల్గర్.

"వాడు అంతపనీ చేస్తాడు" అంది ఉల్రీకె.

అందరూ కార్లెక్కి, హారన్లు కొట్టుకుంటూ ఊరవతలి విందుశాలకు వెళ్లిపోయారు.

వెనక వీధిలో గెర్నోట్ చేతిరుమాలుతో ఆ వేడి రిలేను పీకి జేబులో వేసుకున్నాడు. తిరిగొచ్చేసరికి మెట్ల మీద పెళ్లికొడుకు టిల్ ఒక్కడే ఉన్నాడు.

"మిగతావాళ్లేరి బాబూ?"

"భోజనాలకి వెళ్లారు మామగారూ. నేను కాగితాల పనిమీద లోపలున్నా. బయటికొచ్చి పెళ్లింకా అవలేదని అరిచాను. మోతలో ఎవరికీ వినపళ్లా. ఫోన్లూ ఎత్తట్లేదు."

పెళ్లిళ్లు నమోదు చేసే అధికారిణి గడియారం చూసుకుంది. "పదకొండున్నరకి ఇంకో జంట ఉందమ్మా. చట్టానికి మీరిద్దరుంటే చాలు."

ఖాళీ గదిలో గెర్నోట్ పట్టిక ప్రకారం మూడో వరుసలో కూర్చున్నాడు. ఇమ్కె వెనక్కి తిరిగింది.

"అక్కడేంటి నాన్నా? ముందుకి రా."

వెళ్లి హోల్గర్ కుర్చీలో కూర్చున్నాడు. మూడో వరుస కుర్చీకీ దీనికీ తేడా ఏమీ లేదు. అయినా కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. రుమాలుకు రిలే వాసన.

బయటికొచ్చాక ఇమ్కె అంది: "ఇప్పుడు హారన్ కొట్టు నాన్నా."

గెర్నోట్ జేబులోంచి రిలే తీసి దాని చోట పెట్టి, హారన్ నొక్కాడు. అది మళ్లీ అంటుకుపోయింది. ఈసారి ఆపే ప్రయత్నమేమీ చేయకుండా ఊరంతా తిప్పాడు. విందుశాల ముందు రెండుసార్లు తిప్పాడు. కిటికీ అవతల హోల్గర్ సూప్ చెంచా పట్టుకుని నిలబడిపోయాడు.

ఆదివారం ఉదయం అద్దం మీద చీటీ ఉంది: "నిన్న మీ హారన్ ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందే ఆగింది. కృతజ్ఞతలు."