మూడు సున్నాలు, ఒక సాలీడు

ఆ రోజు లిఫ్టాయన పెట్టుకున్న కార్యక్రమం ఒక్కటే. పడుకోవడం. తొమ్మిది రోజులుగా ఊళ్ళో లిఫ్టులన్నీ కూడబలుక్కున్నట్టు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగిపోతున్నాయి. తోటి మెకానిక్ పెళ్ళి సెలవులో ఉన్నాడు. పానాల సంచీ భుజాన వేసుకుని ఆయనొక్కడే తిరిగాడు, అదీ మెట్లెక్కి. చెడిపోయిన లిఫ్టు దగ్గరికి లిఫ్టులో వెళ్ళే వీలుండదు కదా. పదో రోజున, బతిమాలితే, ఒక్కటంటే ఒక్క రోజు సెలవు దొరికింది. పొద్దున్నే పళ్ళు తోముకుని, ఫోను ఆపేసి, మళ్ళీ మంచమెక్కాలని ముందు రోజే నిశ్చయించుకున్నాడు.

పళ్ళు తోముకుంటుంటే ఎడమ ముంజేతి మీద శనగగింజంత ఎర్రటి దద్దురు కనిపించింది. దురదగా ఉంది. గోకాడు. అంతటితో ఊరుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. అలవాటు కొద్దీ భార్యకి వినపడేలా "చేతి మీద ఏదో కుట్టినట్టుందోయ్!" అని కేకేశాడు. వంటింట్లో నీళ్ళ మోతలో ఆవిడకది వినపడలేదు. హాల్లో ఉన్న అత్తగారికీ బావమరిదికీ మాత్రం శుభ్రంగా వినపడింది.

అత్తగారు ముప్ఫయ్యేళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. బావమరిది ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. అద్దెకి ఇల్లు దొరికేదాకా వారం రోజులుంటామని తల్లీ కొడుకులు వచ్చి ఇది మూడో నెల. ఇళ్ళు గీసేవాడికి ఇల్లొకటి దొరక్కపోవడం ఏమిటని లిఫ్టాయన ఎన్నడూ అడగలేదు. అడిగే ఓపిక లేదు.

బావమరిది ఆయన చేతిని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి తేల్చేశాడు. "సాలీడే బావా. మొన్న బాల్కనీలో ఒకటి చూశాను కూడాను."

"దోమేమోరా."

"దోమైతే ఇంత గుండ్రంగా ఉండదు." అప్పటికే ఫోన్లో చదువుతున్నాడు. "ఇదిగో, వాపు చుట్టూ పెన్నుతో గీత గియ్యాలట. వాపు ఆ గీత దాటిందా, డాక్టరు దగ్గరికి పరిగెత్తడమే."

సలహా మంచిదే. ఎవరి చేతిలో పడిందన్నదే ఇబ్బంది. ఉత్త చేత్తో గీయడానికి బావమరిదికి మనసొప్పలేదు. తన సంచీలోంచి సున్నాలు చుట్టే ప్లాస్టిక్ స్కేలు తెచ్చి, సరిపోయే కన్నం వెతికి, నీలం సిరాతో నిండు చందమామలా చుట్టాడు. పక్కన 7.10 అని టైము కూడా వేశాడు. లిఫ్టాయన మంచమెక్కి కళ్ళు మూశాడు.

ఎనిమిదింటికి అత్తగారు వచ్చారు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయారు, నీలం గీత ఆవిడకి సరిగా ఆనలేదు. అందుకని తన ఎర్రపెన్నుతో దాని బయట, బడిలో తప్పు లెక్క చుట్టూ చుట్టినట్టు, ఇంకో సున్నా చుట్టి వెళ్ళిపోయారు. పది నిమిషాలకి బావమరిది వచ్చి చూసి నిర్ఘాంతపోయాడు.

"అమ్మా, ఈ ఎర్రగీత నువ్వు గీశావా?"

"ఆఁ, చూసే గీశాను!"

గంటలో వేలి వెడల్పు పెరిగిందన్నమాట. ఈ లెక్కన సాయంత్రానికి భుజం చేరుతుంది. ప్లాన్లు గీసేటప్పుడు చుట్టూ జాగా వదలడం వాడికి అలవాటు కనుక, రాబోయే గంట కోసం కూడా జాగా వదిలి మూడో సున్నా చుట్టాడు. తొమ్మిదింటికి అత్తగారు కళ్ళజోడుతో సహా వచ్చి, ఆ మూడో సున్నా చూసి గుండె బాదుకున్నారు. దద్దురు మాత్రం మధ్యలో ఎంతదంతే ఉంది. దాని వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు.

"ఇంత గొడవలోనూ నిద్రపోతున్నారేమిట్రా? విషం మత్తు కాదు కదా!" అన్నారు అత్తగారు.

ఆ మాటతో లిఫ్టాయన సెలవు గంగలో కలిసింది. పది నిమిషాలకోసారి కుదిపి లేపడం మొదలుపెట్టారు.

"అల్లుడుగారూ, మన ఇంట్లో గదులెన్నో చెప్పండి బాబూ!"

"నిద్రపోవడానికి ఒక్కటీ లేదండీ."

"మాట తడబడుతోందిరా, టాక్సీ పిలు!"

భార్య అప్పుడు వచ్చి చూసింది. "అమ్మా, అది దోమ కుట్టిందే. ఆయన్ని పడుకోనివ్వండి, మీకు దణ్ణం పెడతాను," అంది. ఆ ఇంట్లో తెలివైన మాటకి పట్టే గతే దానికీ పట్టింది. ఏ పురుగు కుట్టిందని డాక్టరు అడుగుతాడనీ, దాన్ని పట్టి తీసుకెళ్ళాలనీ అత్తగారు పట్టుబట్టారు. బావమరిదికి సాలీళ్ళంటే హడలు. వాడు తలుపు చాటునుంచి దారి చెబుతుంటే, లిఫ్టాయన భార్యే బాల్కనీలోకి వెళ్ళి పాత చెక్కల వెనక చెయ్యి పెట్టింది. "అబ్బా!" అని వెనక్కి లాక్కుంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు, చీల గుచ్చుకుంది."

చెక్క పక్కకి జరిపితే సాలీడు కనిపించింది. ఆవిడే దాని మీద గాజుసీసా బోర్లించి, కిందనుంచి అట్టముక్క తోసి, మూత బిగించింది. బావమరిది ఆ సీసాని తనే పట్టినంత గర్వంగా టాక్సీ ఎక్కాడు.

దారిలో ఆవిడకి నుదుటి మీద చెమటలు పోశాయి. "కంగారు పడకే, అల్లుడుగారికి ఏం కాదు," అన్నారు తల్లి. కాసేపటికి కడుపు పట్టుకుని ముందుకి వంగింది. "ధైర్యంగా ఉండక్కా," అన్నాడు తమ్ముడు. లిఫ్టాయన మాత్రం కిటికీకి తల ఆనించి, దొరికిన రెండు నిమిషాలూ దొరికినట్టు కునుకు తీశాడు.

ఆసుపత్రిలో చేతి మీద మూడు సున్నాలు చూసి నర్సు హడలిపోయి తిన్నగా మంచం చూపించింది. తెల్లటి దిండు. దాన్ని చూస్తే ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చిన డాక్టరమ్మ కూడా ఎన్నాళ్ళుగానో నిద్ర లేని మనిషిలాగే ఉంది.

"ఇది ఎవరు గీశారు?"

"నేనేనండీ. టైము కూడా వేశాను," అన్నాడు బావమరిది.

ఆవిడ గీతల్ని వదిలేసి దద్దురు చూసింది. "నొప్పుందా? జ్వరం? ఊపిరి ఆడకపోవడం? ఒళ్ళు బిగుసుకోవడం?"

"లేవండీ. దురద. నిద్ర."

"నిద్ర నాకూ ఉంది. ఇది దోమకాటు. సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేసుకోండి. వాపు నిజంగా పాకితే రండి, గీతలు పాకితే కాదు."

లిఫ్టాయన చేతులు జోడించాడు. "అమ్మా, ఒక్క గంట ఈ మంచం మీద పడుకోనిస్తారా?"

డాక్టరమ్మకి జాలేసింది. ఎవరైనా రోగి వచ్చేదాకా పడుకోమంది. ఆయన దిండు మీద తల వాల్చాడు. తొమ్మిది రోజుల అలసటా ఒక్కసారిగా కాళ్ళలోంచి జారిపోతున్నట్టు హాయిగా అనిపించింది. సరిగ్గా అప్పుడే బావమరిది పరువు కాపాడుకోవడానికి సీసా ముందుకి చాపాడు.

"మరి దీని సంగతేమిటండీ?"

నల్లగా, నిగనిగలాడుతూ, బఠాణీలాంటి పొట్టతో ఉందది. డాక్టరమ్మ మొహంలో నిద్ర ఎగిరిపోయింది. "దీన్ని పట్టిందెవరు?"

అందరూ గోడవైపు తిరిగారు. గోడకి ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది ఆయన భార్య. చూపుడువేలి మీద సూదిమొనంత చుక్క ఉంది, అంతే. వాపైనా లేదు. కానీ నొప్పి భుజం దాకా పాకింది, కడుపు చెక్కలా బిగిసింది, చీర చెమటకి తడిసిపోయింది.

"ఎప్పట్నుంచమ్మా?"

"తొమ్మిదిన్నర నుంచండీ."

"చెప్పరేం మరి?"

"ఈయన్ని చూపించడం అయ్యాక చెబుదామని."

లిఫ్టాయన ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. భార్యని పట్టుకుని అదే మంచం మీద పడుకోబెట్టాడు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు. టాక్సీలో ఆవిడ పక్కనే కూర్చున్నాడు, మోచెయ్యి మోచెయ్యి తగులుతూనే ఉంది.

"సమయానికే వచ్చారు, భయం లేదు," అంది డాక్టరమ్మ, సూది సిద్ధం చేస్తూ. "కాటు ఎంత ఉందని కాదు చూడాల్సింది, మనిషికి ఏమవుతోందని. సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి. పక్కన ఒకరు మెలకువగా కూర్చుని ఊపిరి గమనిస్తుండాలి."

అత్తగారూ బావమరిదీ ఒక్కసారిగా ముందుకొచ్చారు. లిఫ్టాయన ఇద్దర్నీ బయట బెంచీ దాకా సాగనంపి వచ్చి, మంచం పక్కన వీపు ఆనే వీల్లేని ఇనపస్టూలు లాక్కున్నాడు. మందు ఎక్కి ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఏవండీ, మీరు ఇంటికెళ్ళి పడుకోండి. సెలవంతా పాడైపోతోంది," అంది మెల్లిగా.

"నాకు నిద్ర రావట్లేదులే. నువ్వు పడుకో," అన్నాడు.

ఆ మాట పూర్తి చేసేలోపు రెండుసార్లు ఆవలించాడు.