మణెమ్మ గుండె చప్పుడు

మంగళవారం పొద్దున డాక్టర్ భాగ్యలక్ష్మి వేసుకున్న లెక్క సులువైనదే. ఒక పక్క ఓపీ చూడాలి, ఇంకో పక్క ఎనిమిది మంది వైద్య విద్యార్థులకు పాఠం చెప్పాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని ఆవిడకూ తెలుసు. కానీ ఆ పెద్ద దవాఖానలో రెండు పడవలూ ఆవిడకే అప్పగించారు.

వరుసలో మొదటి మనిషి గోపాల్‌పేట మణెమ్మ. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా సాయంత్రం ముంబయి కూలీల బస్సెక్కుతానని మేస్త్రీకి మాటిచ్చేసింది. భాగ్యలక్ష్మి స్టెతస్కోపు పెట్టి ఉలిక్కిపడింది. గుండె కవాటం చెడిన చప్పుడు, పుస్తకంలో రాసినట్టే ఉంది. గుండె స్కానింగు చేసే డాక్టరు వారానికి ఒక్క మంగళవారమే వస్తాడు, అదీ మధ్యాహ్నం ఒంటిగంట దాకానే. వెంటనే పంపేయాల్సింది. కానీ అంత స్పష్టమైన చప్పుడు పిల్లలకు మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది?

"మణెమ్మా, జర ఆ బెంచీ మీద కూసో. ఈ పిల్లలు ఒకసారి వింటరు. కాంగనే స్కానింగుకు పంపుత."

"ఇననీ మేడమ్. నాదేం పోతది?"

ఛాతీకి గొట్టం పెట్టకుండా మందు రాసేవాడు డాక్టరే కాడని మన జనం నమ్మకం. అలాంటిది ఒక్క మణెమ్మకు ఎనిమిది గొట్టాలు పెడుతుంటే, వెనకాలే నిలబడ్డ కొల్లాపూర్ మామిడితోట కాపలాదారు భీమన్నకు కడుపు మండింది.

"ఆమెకు ఎనిమిది మంది, నాకు ఒక్కరా? ఆమెకన్న దూరంకెల్లి వచ్చిన నేను."

"నీకు మోకాలి నొప్పి కద పెద్దాయనా?"

"అయితే ఏంది? గొట్టం నాకు గూడ పెట్టాలె."

గొడవెందుకని భాగ్యలక్ష్మి సరేనంది. కొంప మునిగింది అక్కడే. భీమన్న ఎనిమిది మందికీ ఛాతీ చూపించుకుని, మోకాలి సంగతే మరిచి కుంటుకుంటూ వెళ్లిపోయాడు. అది చూసి వరుస మొత్తం బెంచీ వైపు మళ్లింది. పంటి నొప్పివాడూ చొక్కా విప్పాడు, వేలు తెగినవాడూ విప్పాడు. తెల్లకోటుకు అంత గిరాకీ ఎన్నడూ చూడని పిల్లలు కాదనలేకపోయారు. పైగా తేడా తెలియాలంటూ వచ్చినవాడి గుండె ఒకసారి, మణెమ్మ గుండె ఒకసారి వినసాగారు. దాంతో మణెమ్మకు బెంచీ మీంచి లేచే వీలు లేకపోయింది. భాగ్యలక్ష్మి మందులు రాస్తూ, ప్రశ్నలకు జవాబిస్తూ అటూ ఇటూ పరుగెత్తింది.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంట్ తనిఖీకి వచ్చి, ఆ గుంపును చూసి మురిసిపోయాడు.

"పాఠమంటే ఇట్లుండాలమ్మా. రెండో బ్యాచిని కూడా పంపిస్తా. ఆ పెద్దమ్మను కదలనియ్యకండి."

"సార్, ఆమెను స్కానింగుకు పంపాలి..."

"పది నిమిషాలే కదమ్మా."

గట్టిగా కాదనాల్సింది. భాగ్యలక్ష్మి "సరే సార్" అంది. ఆ మాట తలుచుకుని తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

రెండో బ్యాచి కూడా వినడం అయ్యాక, భాగ్యలక్ష్మి మణెమ్మను వెంటబెట్టుకుని వెళ్లేసరికి స్కానింగు గదికి తాళం. ఫోన్ చేస్తే ఆ డాక్టరు అప్పటికే కారులో ఉన్నాడు. వచ్చే మంగళవారం పంపమన్నాడు.

"మణెమ్మా, ఈ ఒక్క వారం ఆగు. నీ గుండె బాగలేదు. ముంబయి పోవద్దు."

మణెమ్మ నవ్వింది. "గంతమంది సూసిన్రు గద మేడమ్. బాగలేకుంటే ఒక్కరన్న చెప్పకపోదురా? నా జల్మల ఇంతమంది డాక్టర్లు నన్ను ముట్టలే. సగం రోగం గిక్కడనే పోయింది. బస్సుకు యాళ్లయితుంది, పోయొస్త."

ఎంత బతిమాలినా వినలేదు. భాగ్యలక్ష్మి చేతికందిన మాత్రలు ఆమె సంచిలో కుక్కి, ముంబయిలో దిగగానే దవాఖానకు పొమ్మని పదేపదే చెప్పింది. మణెమ్మ దారిలో ఎదురైన విద్యార్థుల తలలు నిమిరి, చల్లగుండమని దీవించి, గోడ పట్టుకుని ఆగుతూ ఆగుతూ గేటు దాటింది.

ఆ వారాంతపు పరీక్షలో, ఇలాంటి చప్పుడు వినిపిస్తే ముందుగా ఏం చేయాలని అడిగారు. రోగిని ఆలస్యం చేయకుండా గుండె స్కానింగుకు పంపాలని రెండు బ్యాచీల్లో ప్రతి ఒక్కరూ సరిగ్గా రాశారు.