డిస్కు అరిగిన అల్లుడు

సోమవారం పొద్దున్నే లిఫ్టాయన రెండు అబద్ధాలు ఆడాడు. ఆఫీసుకి ఫోన్ చేసి, "మా అత్తగారికి ఒంట్లో అస్సలు బాగోలేదు మేడమ్, ఇవాళ రాలేను," అన్నాడు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి భార్యతో, "ఇవాళ మా ఆఫీసుకి సెలవట," అన్నాడు. ఒక అబద్ధం ఇంకోదాని ఎదురుపడకుండా చూసుకుంటే చాలు, రోజంతా తనదే అనుకున్నాడు. ఎత్తయిన భవనాల్లో మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్ని బాగుచేయడం అతని పని. అందుకే వీధిలో ఎవరికీ అతని అసలు పేరు అక్కర్లేకపోయింది.

ఇంత తతంగమూ ఒక ఆట కోసం. పెళ్ళికి ముందు అతనికో గేమ్ పెట్టె ఉండేది. దాన్ని టీవీకి తగిలించి, డిస్కు వేసి, కార్ల పందెం ఆడేవాడు. పెట్టె ఎప్పుడో కాలం చేసింది గానీ డిస్కులు మాత్రం ఓ బూట్ల అట్టపెట్టెలో మిగిలిపోయాయి. ఈమధ్య బావమరిది ఒక సంగతి చెవిన వేశాడు. ఎమ్యులేటర్ అని ఓ ప్రోగ్రాం ఉంటుందట. అది కంప్యూటర్ చేత పాత గేమ్ పెట్టె వేషం వేయిస్తుందట. డిస్కు ఆ వేషం నిజమని నమ్మి, బుద్ధిగా నడుస్తుందట. అది విన్నప్పట్నుంచి లిఫ్టాయనకి కాలు నిలవలేదు. ఆ పందెంలో ఒక కొండ మలుపు ఉంది. వయసులో ఉండగా దాన్ని అతను ఏనాడూ దాటలేదు. వెళ్ళిన ప్రతిసారీ కారు లోయలోకే.

భార్య మందుల షాపులో పనికి వెళ్ళిపోయింది. అత్తగారు బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. లిఫ్టాయన పడకగది తలుపు వేసుకుని, బావమరిది దగ్గర అరువు తెచ్చిన డిస్కు డ్రైవును కంప్యూటర్‌కి తగిలించి, డిస్కు లోపలికి తోశాడు. అది గర్రుమంది, గుర్రుమంది, ఆగిపోయింది. బావమరిదికి ఫోన్ చేశాడు. తలుపు వేశాడే గానీ, బాల్కనీ వైపు కిటికీ సంగతి మర్చిపోయాడు.

"డిస్కు బాగా అరిగిపోయింది బావా. గీతలు కూడా పడ్డాయి... ఆఁ, టూత్‌పేస్టు రాసి రుద్దాను. చూద్దాం... లేదు, సరిగ్గా నడవడం లేదు. కాస్త నడిచి ఆగిపోతోంది. ముందు ఇమేజ్ తీయాలంటావా? సరే, తీద్దాం... మీ అక్కకి మాత్రం చెప్పకు. మీ అమ్మకి అసలే చెప్పకు. తెలిస్తే ఇంట్లో బతకనివ్వరు."

అత్తగారి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నీళ్ళు మొక్కకి బదులు ఆవిడ పాదాల మీద పడ్డాయి. పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, కంగారుపడకు. అల్లుడుగారికి డిస్కు అరిగిపోయిందే! నడవలేకపోతున్నారట. మనకి చెప్పొద్దని తమ్ముడితో ఒట్టేయించుకుంటున్నారు."

"నడుమా? పొద్దున బాగానే ఉన్నారే!"

"పైకి అలా ఉంటారే తల్లీ. లోపల ఎంత నొప్పో ఏమో, పాపం ఆ మనిషి నడుముకి టూత్‌పేస్టు రాసుకున్నారు!"

మందుల షాపులో రకరకాల మనుషుల్ని చూసిన కూతురు కూడా ఆ మాటకి బెంబేలెత్తిపోయింది. వెంటనే భర్త ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎత్తింది మేనేజరమ్మ. ఆవిడ అడుగుల చప్పుడు వినిపిస్తే మెకానిక్కులు చేతిలో టీ దాచుకుంటారు.

"మా ఆయనకి డిస్కు అరిగిపోయింది మేడమ్. మీతో ఏమైనా చెప్పారా?"

"లేదే! అత్తగారికి బాగోలేదు, రాలేనన్నారు."

"మా అమ్మ గుండ్రాయిలా ఉంది మేడమ్. మాతో ఆఫీసుకి సెలవన్నారు."

"అంటే, ఎవరికీ చెప్పకుండా తనలోనే దిగమింగుకుంటున్నారన్నమాట," అంది మేనేజరమ్మ. ఆవిడ గొంతు వణకడం ఆ ఆఫీసు వినడం అదే మొదటిసారి. "మీరు షాపు దగ్గరే ఉండండి. నేను కారు తీసుకుని వస్తున్నాను."

ఈలోగా లిఫ్టాయన మళ్ళీ ప్రయత్నించాడు. టూత్‌పేస్టు చలవో, అదృష్టమో, డ్రైవు ఈసారి డిస్కుని ఒప్పుకుంది. లోపలున్నదంతా ఇమేజ్‌గా మెల్లగా కంప్యూటర్లోకి దిగుతోంది. అతను ఆనందంతో చేతులు రుద్దుకుంటుండగా తలుపు భళ్ళున తెరుచుకుంది.

"కదలకండి బాబూ!" అంది అత్తగారు.

ఆవిడ చంకలో ఇస్త్రీ బల్ల చెక్క ఉంది. దాన్ని నేలమీద పరిచి, అల్లుణ్ణి దానిమీద వెల్లకిలా పడుకోబెట్టి, కింద వేడినీళ్ళ సంచీ దోపింది.

"నాకేం కాలేదండీ!"

"ఆ మాటే అంటారని నాకు తెలుసు. మీ గుండె నిబ్బరం నాకు తెలీదా!"

అతను లేవబోయేలోగా కాలింగ్ బెల్ మోగింది. ముందు భార్య వచ్చింది, చేతిలో నడుం బెల్టుతో. వెనకాలే మేనేజరమ్మ. ఒంట్లో బాగోలేదని ఆఫీసుకి చెప్పిన అత్తగారు, కొంగు బిగించి, చెక్క పక్కన మల్లయోధురాలిలా నిలబడి ఉంది. లేచి నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. పడుకుంటే పరువైనా దక్కుతుంది. అతను కళ్ళు మూసుకుని, "అబ్బా," అని మూలిగాడు.

"నడుం ఇలా పెట్టుకుని మొన్న పదిహేనో అంతస్తు దాకా ఎక్కారా?" మేనేజరమ్మ కళ్ళొత్తుకుంది. "ఇంక మీరు ఎక్కొద్దు. రేపట్నుంచి స్టోర్ రూములో కుర్చీ వేయిస్తాను. హాయిగా నట్లూ బోల్టులూ సర్దుకోండి."

ఈసారి అతని మూలుగు నిజంగానే వచ్చింది. స్టోర్ రూముకి కిటికీ కూడా లేదు. మేడల మీంచి ఊరంతటినీ కింద చూసే మనిషిని తీసుకెళ్ళి బోల్టుల మధ్య కూర్చోబెడతారట!

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ తన పని ముగించి, రంయ్ రంయ్ మంది. తెరమీద కార్లు వరసగా నిలబడ్డాయి.

"నొప్పి మర్చిపోడానికి బొమ్మలు పెట్టుకున్నట్టున్నారు, పాపం," అంది అత్తగారు.

మేనేజరమ్మ తెరకేసి చూసింది. ఒకడుగు ముందుకేసింది. "ఈ ఆట... మా అన్నయ్య నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు," అంటూ కుర్చీలో కూర్చుంది. భార్య వద్దనలేకపోయింది. కారు కదిలింది. కొండ మలుపు వచ్చింది. మేనేజరమ్మ నిండు వేగంతో వెళ్ళి లోయలో పడింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ పడింది. చెక్కమీద లిఫ్టాయన పళ్ళు నూరుకున్నాడు. ఇన్నేళ్ళుగా తను ఆలోచించి పెట్టుకున్న ఉపాయం గొంతులో కొట్టుకుంటోంది. మూడోసారి కారు మలుపు దగ్గరికి వచ్చింది.

"అంత లేటుగా కాదు మేడమ్!" అని అతను చెక్కమీంచి ఒక్క ఉదుటున లేచాడు. వేడినీళ్ళ సంచీ ఎగిరి మంచం కింద పడింది. "ముందే ఎడమకి కోసెయ్యాలి! ఇలా! ఇలా!" అంటూ నడుం వంచి, ఒళ్ళంతా మెలితిప్పి చూపించాడు.

కారు మలుపు దాటింది. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏవండీ," అంది భార్య, నడుం బెల్టుని చేతికి చుట్టుకుంటూ. "డిస్కు?"

"అరిగింది నాది కాదే. ఆట డిస్కు."

"మరి టూత్‌పేస్టు?" అంది అత్తగారు.

"దానికే రాశానండీ. గీతలు పోతాయని."

"హమ్మయ్య! నడుంతో పాటు మతి కూడా పోయిందనుకున్నాను," అని ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఇంకేదో తట్టి, "అవునూ, నాకు ఒంట్లో బాగోలేదన్నది ఎవరు?" అంది.

లిఫ్టాయన వేడినీళ్ళ సంచీ కోసం మంచం కిందకి దూరుతుండగా మేనేజరమ్మ ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి పరామర్శ. "నడుమా? నిక్షేపంగా ఉంది," అందావిడ, తెరమీంచి చూపు తిప్పకుండా. "స్టోర్ రూములో కుర్చీ వద్దు. ఆ కొత్త టవర్లో లిఫ్టు ఆగిపోయిందన్నారే, ఆ పని రేపు ఇతనికే ఇవ్వండి. పైదాకా మెట్లెక్కి వెళ్తాడు... నేనా? మధ్యాహ్నం రాలేను. ఇక్కడ పరిస్థితి చాలా సీరియస్‌గా ఉంది." ఫోన్ పక్కన పెట్టి, కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుంది. "ఎడమకి ఎక్కడ కోయాలన్నారు?"

తర్వాత వంతు భార్యది. ఆ తర్వాత అత్తగారిది. ఆవిడ బ్రేకు అనేది ఒకటుందని ఒప్పుకోలేదు, అందుకే అందరికంటే ముందుంది. సాయంత్రం దాకా ఆ గదిలోకి లిఫ్టాయనకి ప్రవేశం దొరికింది ఒక్కసారే, కాఫీలో పంచదార ఎవరికెంతో కనుక్కోవడానికి.