సూర్యాపేట సావుకారి జ్ఞాపకశక్తి

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు, ఒక సోమవారం పొద్దున సూర్యాపేట బియ్యం మిల్లు సావుకారి నరసింహారావు భార్యతో మిర్యాలగూడ డాక్టరు దగ్గరికి బయలుదేరాడు. పదేళ్ల చక్కెర జబ్బు అతని పాదాల నరాలను తినేసింది. ఈమధ్య మతి కూడా తప్పుతోందని భార్య శకుంతల అనుమానం. డాక్టరు అవునంటే మిల్లు తాళాలు కోదాడలో ఉన్న ఆమె తమ్ముడి చేతికి పోతాయి. ఆ తమ్ముడు మూడు వ్యాపారాలు మొదలుపెట్టి నాలుగింటిని ముంచిన ఘనుడు.

బస్సు ఇంకా రాలేదు. "టైము కనుక్కొస్త" అని నరసింహారావు పక్క సందులోని హోటల్లో దూరి, డాక్టరు వద్దన్న జిలేబీలు నాలుగు లాగించాడు. హారన్ వినపడగానే గుమ్మం బయట విడిచిన చెప్పుల్లో కాళ్లు దూర్చి పరుగెత్తాడు. కుడికాలికి తనదే, ఎడమకాలికి మాత్రం ఎవరిదో మొరటు తోలుచెప్పు. మొద్దుబారిన పాదం ఆ కబురు పైకి పంపలేదు.

బస్సులో శకుంతల చూసింది. "ఇదేంటండీ, ఎవరిదీ చెప్పు?"

హోటల్ మాట ఎత్తలేక "ఏమో, యాదికి లేదు" అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో, ఏళ్ల తరబడి వాళ్లింటికి నెయ్యి పోస్తున్న గొర్రెల బీరప్ప, సావుకారి చెప్పు చేత్తో పట్టుకుని రొప్పుతూ బస్సెక్కాడు. "సావుకారీ! నా చెప్పు మీరు ఏస్కొచ్చిన్రు. నేను గా హో..."

"ఎవరయ్యా నువ్వు?" అని నరసింహారావు గభాలున అడ్డుపడ్డాడు.

"అయ్యో, నన్నే గుర్తుపడ్తలేరమ్మా!" అన్నాడు బీరప్ప. శకుంతల బావురుమంది. ముందు సీటు పెద్దావిడ లేచి వచ్చి సావుకారి నుదుట విభూతి పెట్టింది. బీరప్ప చెప్పు సంగతి మరిచి, అమ్మగారికి తోడుగా మిర్యాలగూడ దాకా వచ్చాడు.

డాక్టరు పాదంలో గుండుసూది గుచ్చాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "నరాలు మొద్దుబారినయ్. గిట్లాంటోళ్లల్ల కొందరికి బుర్ర గూడ మందగిస్తది" అన్నాడు. శకుంతల చెప్పిందంతా విని తల పంకించాడు. "ఇగ మిల్లు వేరేటోళ్లు చూసుకుంటేనే మంచిదమ్మా."

బావమరిది ముంచబోయే మిల్లు నరసింహారావు కళ్లకు కట్టింది. ఇక ఆగలేకపోయాడు. "నాకన్నీ యాదున్నయ్! ఈయన బీరప్ప. పోయిన శుక్రవారం రెండు శేర్ల నెయ్యి పోసిండు. పొద్దున జిలేబీలు నాలుగు, మూడోది మాడింది. నిన్న రెండు, శనివారం ఆరు. నువ్వు మీ అక్కతోని గుడికి పోయిన నాడు పావుశేరు మైసూర్ పాకు!"

డాక్టరు గుండుసూది పక్కన పెట్టి, "మతి నిక్షేపంగ ఉన్నదమ్మా" అన్నాడు.

శకుంతల కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "తాళాలిలా ఇవ్వండి. మరిచిపోయే మనిషినైనా నమ్మొచ్చు. ఇన్ని గుర్తుంచుకుని ఒక్కటీ చెప్పనోళ్లని ఎలా నమ్మను? తమ్ముడెందుకు, రేపట్నించి మిల్లులో నేనే కూర్చుంటా."

ఇంత చురుకైన మెదడును ఈమధ్య కాలంలో చూడలేదని డాక్టరు చీటీ రాసి, నరసింహారావు ఖాళీ చేతిలో పెట్టాడు.