మంత్రిగారి ఎర్లీ రిలీజ్

దోషులెవరో ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. రోగులు. ముమ్మాటికీ రోగులే. ఆస్పత్రి కంప్యూటర్లలోకి ప్రపంచంలో ఇంకెవరూ ముట్టుకోని సరికొత్త సాఫ్ట్‌వేర్‌ని ప్రభుత్వం తెచ్చిపెడితే, వీళ్లు అవే పాత కిడ్నీలు పట్టుకుని వచ్చారు. ఒంట్లో నీరు చేరిందట, ఊపిరాడటం లేదట, ఇవాళే డయాలసిస్ చేయాలట. కాస్త ఆగుదామన్న ఇంగితం ఉందా? ఇలాంటి జనంతో ఏ మంత్రి మాత్రం అభివృద్ధి సాధిస్తాడు?

ఈ బాధ ఆరోగ్య మంత్రిగారి పీయేకి అందరికంటే బాగా తెలుసు. ఆ రోగుల్లో అతని సొంత అక్క కూడా ఉంది మరి.

మంత్రిగారి చాంబర్‌లో సమీక్షా సమావేశంతో మొదలైందిదంతా. కంప్యూటర్ల విభాగం పెద్ద ఇంజినీరు తెర మీద రెండు గడులు చూపించాడు. ఆయన్ని ఆఫీసులో అందరూ ‘ఓకేసార్’ అంటారు. ఆ రెండు మాటలు తప్ప ఆయన నోట మూడోది విన్నవాళ్లు లేరు. ఆ రోజు మాత్రం పాపం, విన్నారు.

“సార్, కంప్యూటర్లకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తోంది. రెండు రకాలుగా తీసుకోవచ్చు. ఒకటి స్టేబుల్, ఇంకోటి ఎర్లీ రిలీజ్.”

“తేడా ఏంటి?”

“స్టేబుల్ అంటే నలుగురూ వాడి, తప్పులు బయటపడ్డాక, దిద్ది ఇచ్చేది సార్.”

“మరి ఎర్లీ?”

“ఆ నలుగురం మనమే సార్.”

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ఆలోచించేటప్పుడు కళ్లు మూసుకుంటారు. నిద్రపోయేటప్పుడు కూడా అంతే. అందుకని ఎవరూ కదలరు.

“పక్క రాష్ట్రం వాళ్లు ఏది తీసుకుంటున్నారు?”

“స్టేబుల్ సార్. అది ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నారు.”

“చూడనీ. మనం ఎర్లీ వేసేద్దాం. అన్ని ఆస్పత్రుల్లోనూ, ఒకేసారి.”

ఓకేసార్ తెర వైపు తిరిగాడు. “సార్, మనవి కస్టమ్ ఇన్‌స్టలేషన్లు. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు వాడటం లేదు. మన అవసరానికి కొన్ని ముక్కలు అతికించుకున్నాం. కంపెనీ తన సరుకునే పరీక్షించుకుంటుంది గానీ, మన అతుకుల సంగతి దానికి తెలీదు. ఎర్లీలో అవి ఊడిపోవచ్చు.”

“ఏం ముక్కలయ్యా అవి?”

“కంప్యూటర్ వెయ్యగానే తమరి ఫోటో రావడం సార్. లిఫ్టు తలుపు తెరుచుకుంటే తమరి గొంతుతో స్వాగతం. ఆ తర్వాత… డయాలసిస్ గదికి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నడవడం.”

“వరస బాగుంది” అన్నారు మంత్రిగారు.

“పోనీ మూల పడున్న ఏదో ఒక కంప్యూటర్లో వేసి చూద్దాం సార్. బాగుంటే అప్పుడు…”

“ఒక ఆస్పత్రికి కొత్తది, ఇంకోదానికి పాతదా? ప్రజల్లో భేదాలు పెట్టమంటావా నన్ను? చచ్చినా పెట్టను.”

సమానత్వం మీద అంత మమకారం చూసి పీయే కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే ప్రసంగం రాసేశాడు. ‘మా ప్రభుత్వానికి ముందడుగే తెలుసు, వెనకడుగు తెలీదు’ అన్న వాక్యం దగ్గర కలం ఆపి, తనని తానే మెచ్చుకున్నాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంత్రిగారు వేదిక మీద ఎర్ర మీట నొక్కారు. రాష్ట్రంలో ఉన్న ఆస్పత్రి కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆరి, మళ్లీ వెలిగాయి. చప్పట్లు మోగాయి. మంత్రిగారి ఫోటో వచ్చింది. కనుబొమల వరకే వచ్చింది.

“నుదురేదయ్యా?” అన్నారు మంత్రిగారు, మైకు చేత్తో మూసి.

“లోడవుతోంది సార్” అన్నాడు ఓకేసార్.

“నిన్నటిదాకా ఉన్న నుదురు ఇవాళ లోడవడమేంటి?”

ప్రభుత్వం యుద్ధప్రాతిపదికన పనిచేయడమంటే ఏమిటో అప్పుడు చూడాలి. సెలవుల మీద ఉన్న ఇంజినీర్లని వెనక్కి పిలిపించారు. ఒక బృందం ఎడమ కణత, ఒక బృందం కుడి కణత పంచుకున్నాయి. పీయే ఆ రెంటి మధ్య పరుగులు పెడుతుంటే ఫోను మోగింది. బావ.

“ఏవయ్యా, ఇక్కడ మీ అక్కకి ఆయాసంగా ఉంది. నీళ్ల ప్లాంటు నడవట్లేదంటున్నారు. యంత్రాలన్నీ ఖాళీగా ఉన్నాయి, జనం వరండాలో ఉన్నారు.”

“బావా, ఒక్క గంట ఓపిక పట్టు. నుదురు వచ్చేస్తోంది.”

“ఎవరి నుదురు?”

పీయే ఫోను పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే బావ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఫోను అక్క నోటి దగ్గర పెట్టాడు. ఊపిరి ఈడుస్తున్న చప్పుడు. అది విన్నాక పీయే ఆస్పత్రికి పరిగెత్తాడు.

వరండా బల్ల మీద అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టక, వాటిని పక్కన పెట్టుకుంది. మొహం ఉబ్బింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

“వచ్చావా?” అంది. “మీ సార్ ఫోటో బాగుందిరా. జుట్టుతో సహా వచ్చింది.”

“అక్కా, పడుకోకూడదూ?”

“పడుకుంటే ఊపిరాడదురా. ఇలాగే నయం. ఇందాకటి నుంచీ మీ సార్ నాకు దణ్ణం పెడుతూనే ఉన్నాడు. నేనే ఎత్తలేకపోతున్నా చేతులు.”

డయాలసిస్ నర్సు తెర చూపించింది. నవ్వుతున్న మంత్రిగారి కింద ఒక ప్రశ్న ఉంది: ‘కొత్త అనుభూతి మీకు నచ్చిందా?’ జవాబుకి రెండే మీటలు. ‘చాలా’, ‘చాలా చాలా’.

“ఏది నొక్కినా ‘ధన్యవాదాలు’ అని మళ్లీ ఇదే అడుగుతోంది. ప్లాంటు మీట అసలు రానే రావట్లేదు” అంది నర్సు.

“చేత్తో తిప్పే స్విచ్ ఉండాలిగా?”

“ఉండేదండీ. ఆధునికీకరణలో పీకేశారు. దాని చోట మీరే శిలాఫలకం బిగించారు.”

అంబులెన్సులో ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాడు బావ. ఏ ఆస్పత్రికి? సమానత్వం అన్ని చోట్లా ఒకేలా అమలైంది కదా. పీయే అక్క బల్ల పక్కనే నిలబడి, స్పీకర్ పెట్టి ఓకేసార్‌కి ఫోన్ చేశాడు.

“పాతది మళ్లీ వేసేయొచ్చా?”

“ఎందుకు వేయకూడదు సార్! వెనక్కి వెళ్లే మీట ఉంది. నొక్కితే అరగంటలో నిన్నటి సిస్టమ్ వచ్చేస్తుంది, ప్లాంటు నడుస్తుంది.”

“మరి నొక్కవేం?”

“మా ప్రభుత్వానికి వెనకడుగు తెలీదని మంత్రిగారు అన్నారు కద్సార్. పేపర్లలో పడింది. ఎవరు రాశారో గానీ, గొప్పగా రాశారు సార్.”

పీయే మంత్రిగారి చాంబర్‌కి చేరేసరికి అక్కడ పూలగుత్తులు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది, మంత్రిగారికి కృతజ్ఞతలు చెప్పడానికి.

“సార్, మా వృత్తిలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఎర్లీ రిలీజ్‌ని మా ఆఫీసులో కూడా పని చేసే కంప్యూటర్లలో వేసుకోం. మీరు ఆస్పత్రుల్లో వేశారు! ఇన్ని తప్పులు ఇంత త్వరగా మాకెవరూ పట్టివ్వలేదు. మీ నీళ్ల ప్లాంటు లాంటివి ఎందుకు ఆగుతున్నాయో కూడా కనిపెట్టి దిద్దేశాం. రేపే స్టేబుల్ విడుదల.”

పీయే గుండెల మీద బరువు దిగింది. “అయితే రేపు మాకు వచ్చేస్తుందా మేడమ్?”

“మీకా?” మేడమ్ ఆశ్చర్యపోయింది. “స్టేబుల్ పక్క రాష్ట్రానికి కదండీ. మీరు ఎర్లీ గడిలో ఉన్నారు. మీకు దీని తర్వాతది వస్తుంది. ఈ సాయంత్రమే. అందులో తప్పులు ఇంకా ఎవరూ చూడలేదు.”

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. తెరిచారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“విన్నారా? పక్క రాష్ట్రం వాళ్లు మనం వాడి వదిలేసింది వాడుకుంటారు!”

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఓకేసార్ రెండు చేతులూ ఎత్తి మరీ కొట్టాడు. పీయే చేతిలో ఫోను మోగింది. ఏది నొక్కాడో తెలీదు. “సాయంత్రం సభకి ప్రసంగం రాయవయ్యా” అన్నారు మంత్రిగారు అతనితో. అంతలో ఫోన్లోంచి గొంతు గదంతా వినిపించింది. అక్క. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతోంది.

“ఒరేయ్… ఆ చప్పట్లేంట్రా? ఇక్కడ నా పక్క బల్ల మీద పెద్దాయన ఇందాకటి నుంచీ పలకట్లేదు. నీ పక్కన ఎవరున్నా సరే, మంత్రైనా వాడి బాబైనా… వినమను. సభ వద్దు. ప్రసంగం వద్దు. మాకు పాతది కావాలి. ఆ వెనక్కి వెళ్లే మీటేదో నొక్కండి. సాయంత్రం కాదు. ఇప్పుడు నొక్కండి.”